బొంతల పుస్తకం ఎవరి పేరు మీద?

అనగనగా అంటే మరీ అంత దూరం పోనక్కర్లేదు అమ్మలూ. చుట్టూ చెరకు తోటలున్న ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక మొగుడు, ఒక అత్త. అత్త పేరు పైడమ్మ. మొగుడి పేరు ఈ కథలో రాదు. ఎందుకు రాదో చివర్లో చెబుతాను, కాళ్ళు ముడుచుకుని పడుకో.

నూకరత్నం బొంతలు కుట్టేది. చిరిగిన చీరలు, పాత పంచెలు పొరల మీద పొరలు పరిచి, సన్నగా కుట్టు వేసేది. మంచు కురిసే రోజుల్లో ఊళ్ళో సగంమంది ఆ బొంతల్లోనే దూరి పడుకునేవారు. కానీ ఆవిడకి వచ్చింది ఒక్కటే రకం, వాళ్ళమ్మ నేర్పిన చదరాల బొంత. ఏటా అదే. కళ్ళు మూసుకున్నా చదరాలే కనిపించేవి.

ఆ ఇంట్లో మూడు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, పెళ్ళాం మొగుడి పేరు పలకకూడదు. రెండు, పోస్టులో ఏది వచ్చినా ఎవరి పేరు మీద వస్తే వాళ్ళదే, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి ఆయన పేరు మీద విత్తనాల పొట్లం వస్తే, నూకరత్నం విప్పిందని ఆయన రెండు పూటలు అన్నం మానేశాడు. అన్నం మానేస్తే కాలేది తన కడుపేనని తెలియడానికి ఆయనకి రెండు పూటలు పట్టింది.

మూడోది బొంత సంగతి. దారం చివర వేసిన ముడిని పొరల్లోకి లాగి దాచెయ్యాలి. ముడి పైకి కనబడితే కుట్టినదాని చెయ్యి కనబడ్డట్టేనని పైడమ్మ అనేది. బొంత అందరికీ కావాలి, కుట్టినది మాత్రం ఎవరికీ కనబడకూడదు.

అలా ఉండగా ఒక వారం సంతకి ఇందుమతి అని ఒకావిడ పట్నం నుంచి వచ్చింది. 'సూదీ దారం' అని బొంతలు కుట్టేవాళ్ళ కోసం ఒక మాసపత్రిక ఉందట, దానికి చందాలు రాసుకుంటోంది. నూకరత్నం చేతిలో ఒక పాత సంచిక పెట్టి, చూసి వచ్చే సంతలో చెప్పమంది. ఆ తర్వాత మళ్ళీ ఏడాదికి గానీ ఈ వైపు రానంది.

ఆ సంచికలో ఒక బొంత బొమ్మ ఉంది. మూడు మూలల ముక్కలన్నీ కలిసి గాలిపంకలా గిర్రున తిరుగుతున్నట్టుంది. నూకరత్నం వేలితో ముట్టుకుని చూసింది. ఎలా కుట్టాలో సగమే రాశారు, మిగతా సగం వచ్చే సంచికలోనట. అన్నిటికంటే వింత, బొమ్మ కింద ఆ బొంత కుట్టినావిడ పేరు అచ్చేశారు. బొంతకి పేరుంటుందని నూకరత్నానికి అప్పటిదాకా తెలియదు. వారమంతా ఆవిడకి నిద్ర సరిగ్గా పట్టలేదు.

మళ్ళీ సంత రోజు వచ్చింది. చందా డబ్బు కొంగున ఉంది, బొంత అమ్మగా వచ్చిన డబ్బు, దానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. అడగాల్సింది పేరు. పోస్టులో వచ్చేదానికి పేరుండాలి కదా. ఆ ఇంటికి ఏది వచ్చినా ఆయన పేరు మీదే వచ్చేది.

అప్పుడు ముందు మొగుణ్ణి అడిగింది. ఆయన చద్దన్నం తింటూ నవ్వాడు. "నా పేరు మీద ఆడాళ్ళ బొంతల పుస్తకమా? బెల్లం పొయ్యి దగ్గర అందరూ నన్ను సూది అడుగుతారు," అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపేసి, అది గడప దాటి లోపలికి వస్తే పొయ్యిలో పెడతానని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు. ఉత్తుత్తి బెదిరింపులు ఆయనకి రావు. ఆ సంగతి నూకరత్నానికి తెలుసు.

అప్పుడు అత్తని అడిగింది, పోనీ తన పేరే రాయించుకోనా అని. ఆడదాని పేరు పోస్టుమేన్ వీధిలో అరుస్తాడా అని పైడమ్మ మండిపడింది. తన పేరు పెళ్ళి శుభలేఖలో కూడా వెయ్యలేదట, తనకేం తక్కువైందట. ఆ మాట అంటూనే గాలిపంక బొమ్మ మీద చెయ్యి పెట్టి, కాస్త ఎక్కువసేపే ఉంచింది.

ఆ తర్వాత తోటికోడలు బంగారమ్మ దగ్గరికి వెళ్ళింది. బంగారమ్మ అటూ ఇటూ చూసి, "మీ ఆయన పేరే చెవిలో చెప్పేసి రా చెల్లీ. కాగితం మీద పడ్డాక ఎవరడుగుతారు?" అంది.

నూకరత్నం సంతకి నడుస్తూ అదే ఆలోచించింది. ఆయన పేరు మీద వస్తే అది ఆయనదే. ఆయనది ఆయన పొయ్యిలో పెట్టుకుంటే అడ్డుకునేవాళ్ళెవరు? చందా కట్టకపోతే మాత్రం మళ్ళీ చదరాలే, వచ్చే ఏడూ, ఆ పై ఏడూ. అడుగు ముందుకి పడదు, వెనక్కీ పోదు.

సంతలో ఇందుమతి అప్పటికే సంచి సర్దుకుంటోంది. పట్నం బస్సు వచ్చి నిలబడింది. నూకరత్నం డబ్బు తీసి ఇచ్చింది. ఇందుమతి కలం మూత తీసి, ఎవరి పేరు మీద రాయాలని అడిగింది.

నూకరత్నం ఆవిడ చెవి దగ్గరికి వంగింది. అప్పుడు వెనకనుంచి ఎవరో మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పైడమ్మ. కోడలి వాలకం చూసి అనుమానమొచ్చి, వెనకే వచ్చింది.

"నా కొడుకు పేరు నోట్లోకి రానిచ్చావో, మళ్ళీ నా గడప తొక్కవు," అంది. గొంతు పెంచలేదు. పెంచకుండా అందంటే అన్నంత పనీ చేస్తుందన్న మాటే.

డ్రైవరు హారన్ కొట్టాడు. కలం కాగితం మీద ఆగి ఉంది. నూకరత్నం ముందు రెండు పేర్లున్నాయి. చెప్పకూడని పేరు ఒకటి. చెప్పడం అలవాటులేని పేరు ఒకటి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఏమే, కోడలు పిల్ల, ఫలానా వాళ్ళ ఆడది. తన పేరు తన నోటితో చెప్పి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు.

"మరి ఎవరి పేరు చెప్పను అత్తా?" అంది.

పైడమ్మ పట్టుకున్న మోచెయ్యి వదిలేసింది. కోడలి చేత కొడుకు పేరు చెప్పించడానికి కట్టుబాటు ఒప్పదు. తానే చెబుదామంటే, కొడుకు పొద్దున్నే వద్దన్నాడు. వద్దని లాక్కుపోదామంటే, డబ్బు అప్పటికే చేతులు మారింది. తను కట్టిన కంచెలో తనే ఇరుక్కుని నిలబడింది.

అప్పుడు నూకరత్నం ఇందుమతి వైపు తిరిగి, చెవిలో కాకుండా అందరికీ వినబడేలా, "నూకరత్నం అని రాయండి," అంది.

అత్తాకోడళ్ళు ఒకరి వెనక ఒకరు ఇంటికి నడిచారు.

ఆ తర్వాత నూకరత్నం రోజూ వీధిలో సైకిలు గంట మోగితే ఉలిక్కిపడేది. మొగుడు లేనప్పుడు వస్తే బాగుండునని అనుకునేది. అలా అనుకుంటే అలా రాదు కదా. సరిగ్గా ఆయన భోంచేసి అరుగు మీద కూర్చున్నప్పుడే పోస్టుమేన్ గురువులు సైకిలు దిగాడు.

"నూకరత్నం ఎవరండీ?"

"ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో లేరు," అన్నాడాయన.

గురువులు సైకిలు వెనక్కి తిప్పాడు. నూకరత్నం చేతిలో సూదితోనే గుమ్మంలోకి వచ్చింది.

"లేకపోతే ఇందాక మీకు అన్నం ఎవరు పెట్టారు?" అంది.

గురువులు నవ్వు దాచుకుంటూ పుస్తకం అందివ్వబోయాడు. ఆవిడ చెయ్యి అందుకునేలోగా మొగుడు లాక్కున్నాడు. లాక్కుని నేరుగా వంటింటి పొయ్యికేసి నడిచాడు. పొయ్యిలో నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది.

పొయ్యి ముందు పైడమ్మ కూర్చుని ఉంది. లేవలేదు.

"దాని మీద ఎవరి పేరుందిరా?" అని అడిగింది.

ఆయన చూశాడు. "దీని పేరే."

"మరి నీ చేతిలో ఎందుకుంది?"

ఆయనకి విత్తనాల పొట్లం గుర్తొచ్చి ఉండాలి. పుస్తకం పీట మీద పడేసి, చెరకు తోటకి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం మానేస్తాడేమో అనుకున్నారు. మానలేదు.

పైడమ్మ ఎందుకలా అడ్డుపడింది? కట్టుబాటు మీద ప్రేమేనేమో. కానీ సాయంత్రం దీపం పెట్టగానే, గాలిపంక బొంత మిగతా సగం పైకి చదివి వినిపించమంది. విన్నంతసేపూ ఒడిలో గుడ్డముక్కలు మూడు మూలలుగా మడుస్తూనే ఉంది.

ఆ తర్వాత నూకరత్నం ఆ బొంత కుట్టింది. చివరి కుట్టు దగ్గర దారం ముడి వేసి, లోపలికి లాగబోయి ఆగింది. అత్త చూస్తూనే ఉంది. ముడిని పైనే వదిలేసి, దారం పంటితో కొరికేసింది.

ఇప్పుడు నువ్వు కప్పుకున్న బొంత అంచు తడిమి చూడు. బుడిపెలా తగిలిందా? అదే ఆ ముడి.

నూకరత్నం ఎవరంటావా? అమ్మమ్మకి ఒక పేరుంటుందని నీకెవరూ చెప్పలేదు కదూ. ఇక మీ తాత పేరు. అప్పుడు నన్ను చెప్పనివ్వలేదు, ఇప్పుడు నాకే చెప్పబుద్ధి కాదు. కావాలంటే పొద్దున్న మీ అమ్మని అడుగు.

కథ నడిచె కంచికి,
నిద్ర వచ్చె కంటికి,
ముడి మిగిలె అంచుకి,
మనం మన ఇంటికి.