దించమన్న చోటు

రత్నగిరి దివానుగారికి పల్లకీ కావాలి గానీ, మోసే బోయీల పాట గిట్టదు. ఒకరోజు "ఓహోం ఓహోం" అన్న కేకలకు ఆయన కునుకు చెడింది. తెర తీయకుండానే, "నన్ను ఇక్కడే దించండ్రా!" అని అరిచారు. బోయీలు దించలేదు, నడుస్తూనే ఉన్నారు.

కోటకు చేరగానే దివానుగారు రాజుగారి ముందు మండిపడ్డారు.

"వీళ్ళు నా మీద తిరగబడ్డారు ప్రభూ! తలలు తీయించండి."

"మాట వినని మాట నిజమే మహారాజా, తిరగబడలేదు," అన్నాడు ముందు బోయీ సింగన్న. "అప్పుడు మేం మొలలోతు వాగు నడిమధ్యన ఉన్నాం. తిరగబడాలనే ఉంటే, అయ్యగారి మాట వినేవాళ్ళం."

రాజుగారు పగలబడి నవ్వారు.

తిరుగు ప్రయాణంలో వాగు రాగానే, అందరికంటే గట్టిగా "ఓహోం" అన్న కేక పల్లకీలోంచే వచ్చింది.