ఒక్క ఊళతో ఊరంతా కనుక్కున్న నక్క

రండి, ఇలా దగ్గరికి రండి. ఆ చివరి పిల్లలూ జరిగి కూర్చోండి. కథ చిన్నది, నా గొంతు ఇంకా చిన్నది.

పట్నంలో సర్వర్లనే పెద్ద కంప్యూటర్లు వందలకొద్దీ ఉంటాయి. ఒకతను కూర్చున్నచోటి నుంచే ఒక్క మాట పంపి అన్నిటి బాగోగులూ అడుగుతాడు. వాగు పక్కన నక్కల పెద్ద జంబయ్యకూ అలాంటి ఏర్పాటే ఉండేది. గుట్టెక్కి తను ఊళ వేస్తే, బొరియ పొడిగా ఉన్న ప్రతి నక్కా తిరిగి ఊళ వేయాలి. కాలికి బురద అంటకుండా ఊరి కబురంతా చెవిలో పడుతుంది!

ఓసారి వాన పట్టుకుంది. జంబయ్య బొరియలోకి నీళ్ళొచ్చేశాయి. పెళ్ళాం చుక్కమ్మకు నెలలు నిండాయి.

"ఏమయ్యా, నొప్పులొస్తున్నాయి. పొడిచోటు చూడు. నీళ్ళలో కన్నానంటే పిల్లలు దక్కవు."

"చూడ్డానికి తిరగాలటే? విను!" అని జంబయ్య ఊళ వేశాడు. బొరియలన్నీ ఒక్కసారి మోగిపోయాయి.

"విన్నావా? ఊరంతా పొడే! చివరి బొరియలో ఉండే బొర్రన్నొక్కడే పలకలేదు. పాపం, మునిగిపోయుంటాడు. అందరికంటే గట్టిగా కూసింది మీ తమ్ముడు. పద, అక్కడికే!"

తీరా వెళ్తే, నీళ్ళ మీద బావమరిది ముక్కొక్కటే తేలుతోంది.

"ఏరా, పొడిగా ఉందని కూశావు కదరా!"

"పక్కవాడు కూశాడు బావా! నక్క పుట్టుక పుట్టాక, ఇంకొకడు కూస్తే నోరాగుతుందా?"

"వాడెందుకు కూశాడు?"

"వాడి పక్కవాడు కూశాడు."

"అసలు మొదట కూసిందెవడ్రా?"

"నువ్వే కదా బావా!"

చుక్కమ్మకు నొప్పి మెలిపెట్టింది. "ఇక నువ్వు ఊరుకో," అని మొగుణ్ణి పక్కకు నెట్టి, గట్టు మీద నిలబడి అరిచింది: "ఒరేయ్, ఎవరూ కూయొద్దు! నోళ్ళు మూసుకుని తోకలు బయటపెట్టండి!"

తోకలు బయటికొచ్చాయి. ఒకటి నీళ్ళోడుతోంది, ఒకటి బురదముద్ద, ఇంకోదానికి కప్ప వేలాడుతోంది. చిట్టచివర ఒక్క తోక మాత్రం కుచ్చులా విచ్చుకుని దుమ్ము రాలుస్తోంది. అది బొర్రన్నది!

"మరి నువ్వు కూయలేదేంరా?" అన్నాడు జంబయ్య.

"అప్పుడు నోట్లో పీత ఉంది మామా! కూస్తే పారిపోదూ?"

బొర్రన్న బయటికొచ్చి చోటిచ్చాడు. చుక్కమ్మ లోపలికి దూరింది. కాసేపటికి కీచుకీచుమంటూ నాలుగు గొంతులు వినిపించాయి. జంబయ్య ఆత్రంగా దూరబోతే, "పిల్లలకే చాలదు. తల మాత్రం పెట్టుకో," అంది చుక్కమ్మ. వాన వెలిసేదాకా నక్కల పెద్ద తల పొడిగా, తోక తడిగా అలాగే నిలబడ్డాడు.

వంద బొరియలైనా, వంద సర్వర్లైనా, బాగున్నామన్న కేక విని కాదు, తోక చూసి నమ్మాలి.

ఇక లేవండి. అన్నాలు చల్లారకముందే ఇళ్ళకెళ్ళి తినండి.