తాబేలు తీసి గట్టున పెట్టిన ఒట్టు

ఒకప్పుడు తాబేలుకు నీళ్లలోంచి పైకొచ్చి కూర్చునే అలవాటు లేదు. పగలూ రాత్రీ నీళ్లలోనే ఉండేది. తల లోపలికి లాక్కోవడం కూడా తెలియదు. చేపలకేమో అప్పట్లో కంటిరెప్పలుండేవి. కునుకొస్తే మనలాగే మూసుకునేవి.

ఆ రోజుల్లో గురివమ్మ అనే అవ్వ పెరట్లో ఒక పెద్ద రాతి తొట్టి ఉండేది. దాని చుట్టూ మట్టి గట్టు. ఎండిపోతున్న కాలవలో కొట్టుకుంటున్న పరిగెచేపల్ని ఆమె తడి కొంగులో మూటగట్టి తెచ్చి ఆ తొట్టిలో వదిలింది. వాటిలో పెద్దదాన్ని పరిగెమ్మ అని పిలిచేది.

ఒక ఎండాకాలం చెరువు నెర్రెలిచ్చింది. డిప్పయ్య అనే తాబేలు దేకుతూ దేకుతూ ఆ పెరట్లోకి వచ్చి, తొట్టిలో కాస్త చోటిమ్మని అవ్వను వేడుకున్నాడు. చుట్టుపక్కల మరెక్కడా నీటిచుక్క లేదు. ఇక్కడ కాదంటే అతనికి చావే.

చేపలు వణికిపోయాయి. తాబేళ్లు చేపల్ని తింటాయని పరిగెమ్మ గుర్తుచేసింది.

డిప్పయ్య మెడ సాచి అన్నాడు: "నా తలమీద ఒట్టు. చేపను కొరికితే నా తల వెయ్యి చెక్కలైపోవాలి."

"మాట ఇచ్చేముందు ఆకలిని కూడా అడిగి ఇవ్వాలిరా," అంది అవ్వ.

అడిగే ఇస్తున్నానన్నాడు. అది నిజం కాదు. అప్పుడతని ఆకలి దాహం చాటున దాక్కుని ఉంది.

అవ్వ చోటిచ్చింది. పొద్దున్నే చేపలకు మెతుకులు, డిప్పయ్యకు తోటకూర కాడలు, సొరకాయ తొక్కలు వేశాకే తాను గంజి తాగేది. అందరి కడుపులూ నిండితే తొట్టిలో తగవేముంటుంది? చేపపిల్లలు డిప్పయ్య వీపు మీద పాచి తింటూ ఊరేగేవి. మామకు వీపు మీదే ఇల్లుంటే మన ఇంట్లో చోటెందుకని ఆటపట్టించేవి. డిప్పయ్య నవ్వి ఊరుకునేవాడు.

ఒకనాడు అవ్వ తెల్లారకముందే పొరుగూరు బయల్దేరింది. వంటవేళకు వచ్చేస్తాను కదా అని తొట్టిలో ఏమీ వెయ్యలేదు. దారిలో బండి ఇరుసు విరిగింది. పొద్దు నడినెత్తికొచ్చింది, పడమటికి వాలింది, అవ్వ రాలేదు. డిప్పయ్య కడుపు కరకరలాడింది. ఎదురుగా పరిగెమ్మ కళ్లు మూసుకుని నిద్రపోతోంది. తళతళలాడే తోక మెల్లగా ఊగుతోంది.

ఒట్టు గుర్తుకొచ్చి ముఖం తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు.

సరిగ్గా అప్పుడే పెరట్లో ఇద్దరు ఆడపిల్లలు అచ్చనగాయలాడుతున్నారు. ఇంక నీతో ఆడనని ఒట్టేసుకున్న పిల్లకు ఆట మీద మనసుపోయింది. రెండోది తేలిగ్గా ఉపాయం చెప్పింది: "ఒట్టు తీసి గట్టున పెట్టు."

డిప్పయ్య ప్రాణం లేచొచ్చింది. ముందుకాలితో తల తడుముకుని, ఒట్టు తీసినట్టే తీసి, అంచు మీదుగా కాలు చాపి గట్టున పెట్టాడు. వెనక్కి తిరిగి పరిగెమ్మ తోక కొరికాడు.

పరిగెమ్మ విదిలించుకుని బయటపడింది. ప్రాణం దక్కింది కానీ తోక కొస పోయింది.

సాయంత్రం అవ్వ వచ్చేసరికి తొట్టంతా గగ్గోలు. డిప్పయ్య మాత్రం తాను మాట తప్పలేదన్నాడు. ఒట్టును గట్టున పెట్టాకే కొరికానన్నాడు.

అవ్వ కోప్పడలేదు. వంగి గట్టంతా చేత్తో తడిమింది.

"ఏదిరా? ఇక్కడ ఎండుటాకు తప్ప ఏమీ లేదే. ఇక్కడ లేకపోతే నీ ఒట్టు ఎక్కడున్నట్టు?"

డిప్పయ్య ఆలోచించాడు. ఇంకెక్కడుంటుంది, తలమీదే ఉంది. వెయ్యి చెక్కలు గుర్తుకొచ్చాయి. గభాలున తలను డిప్పలోకి లాక్కున్నాడు. మెడతో సహా మాయమైపోయింది.

వెళ్లగొట్టమని చేపపిల్లలు పట్టుబట్టాయి. బయట నీళ్లు లేవు, నేను చచ్చిపోతాను అని డిప్పలోంచి సన్నగా గొంతు వినిపించింది.

అవ్వ మాత్రం, ప్రాణుల్ని తెచ్చి పెట్టుకున్నవాళ్లు వాటికి పెట్టకుండా గడప దాటకూడదనీ, ఇందులో తన తప్పూ ఉందనీ ఒప్పుకుంది. పాత రుబ్బురోలును దొర్లించుకొచ్చి, పైభాగం నీళ్లపైకి తేలేట్టు తొట్టి మధ్యలో నిలిపింది.

"ఇదిగో గట్టు. ఆశ పుట్టినప్పుడు తీసి గట్టున పెట్టాల్సింది ఒట్టును కాదురా, నిన్ను. పైకెక్కి కూర్చో. ఆశ చల్లారాక దిగు."

మాట ఇవ్వడం నోటి పని. నిలబెట్టుకోవడం ఒంటి పని. డిప్పయ్య ఒళ్లు కూడదీసుకుని రోలెక్కాడు. సాయంత్రపు ఎండ వీపుకు వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం ఇంత హాయిగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

పరిగెమ్మ దూరం నుంచే చూసింది. "ఉండనీ అవ్వా," అంది. "మామా, నువ్వు గట్టు మీద ఉండు. మేము కళ్లు తెరుచుకుని ఉంటాం."

అవ్వ మెతుకులు, కాడలు వేసింది. అందరూ కడుపునిండా తిన్నారు.

అప్పటినుంచే తాబేలు ఎండ పొడ కనబడితే నీళ్లలోంచి లేచి రాయెక్కి కూర్చుంటోంది. ఏ చిన్న అలికిడైనా, ఒట్టు ఇప్పుడు తగులుతుందేమోనని తల లోపలికి లాక్కుంటోంది. చేపలకు రెప్పలు వాడక వాడక ఊడిపోయాయి. అవి ఈనాటికీ కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నాయి, సుఖంగానే.