కోతికి బుగ్గ సంచులు ఎలా వచ్చాయి?

ఒకప్పుడు, మనుషులూ కోతులూ ఒకే అడవిలో ఇరుగుపొరుగుగా ఉన్న రోజుల్లో, కోతి బుగ్గలు మన బుగ్గల్లాగే ఉండేవి.

ఆ అడవిలో ఒక పాలపండ్ల చెట్టు ఉండేది. ఇద్దరిద్దరుగా వెళ్తే, జతకు రోజుకు ఒక్కసారే పది పండ్లు రాల్చేది. ఒకరు పంచాలి. రెండోవారు "సరే" అంటే ఎవరి వాటా వారిది. "వద్దు" అన్నారో, పండ్లన్నీ మళ్లీ కొమ్మ ఎక్కేసేవి!

ఒక ఏడాది వానలు పడలేదు. తినడానికి ఆ పండ్లే దిక్కు. ఈదమ్మ తన మరిది బయన్నతో కలిసి చెట్టు దగ్గరికి వెళ్లింది. ఇంట్లో ఆమె కూతురు ఆకలితో ఏడుస్తోంది.

వాళ్లకంటే ముందు రెండు కోతులు వచ్చాయి. పెద్ద కోతి తొమ్మిది పండ్లు ఉంచుకుని, చిన్నదానికి ఒకటి విసిరింది.

"సరే! ఒకటైనా పండే కదా!" అంది చిన్న కోతి.

అది చూసి బయన్నకు ఆశ పుట్టింది. తనూ తొమ్మిది తీసుకుని, ఒకటి వదిన ముందు పెట్టాడు. "ఒకటైనా పండే కదా, వదినా?"

ఈదమ్మకు కూతురి ఏడుపు గుర్తొచ్చింది. అయినా, "వద్దు!" అంది.

పండ్లన్నీ రివ్వున పైకి ఎగిరిపోయాయి.

"ఎంత పని చేశావు వదినా! ఇప్పుడు నీకేం మిగిలింది?"

"నీకు మాత్రం ఏం మిగిలింది బయన్నా?"

"పిచ్చి మనుషులు!" అని కోతులు పకపకా నవ్వాయి.

ఆ రోజు ఈదమ్మ కూతురికి ఎక్కడో దొరికిన గుప్పెడు చింతచిగురు పెట్టి, నీళ్లు తాగించింది. 'నా పంతానికి బిడ్డ పస్తుంటోందే' అని కుమిలిపోయింది.

తెల్లారగానే బయన్న గుమ్మంలో నిలబడ్డాడు. "పద వదినా," అన్నాడు తల దించుకుని.

ఈసారి అయిదు ఇటు, అయిదు అటు పెట్టాడు. "సరేనా?"

"సరే!" అంది ఈదమ్మ. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఒడి నిండా పండ్లతో ఇంటికి పరుగెత్తింది. కూతురు మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తింది.

కోతులు మాత్రం ఎంతిచ్చినా "సరే" అంటూనే ఉన్నాయి. రానురాను పెద్ద కోతి ఆ ఒక్క పండునూ లాక్కోసాగింది. పాపం చిన్న కోతి, పండు దొరకగానే బుగ్గలో కుక్కుకుని పారిపోయేది. కుక్కీ కుక్కీ దాని బుగ్గ సాగి సంచీ అయింది. మిగతా కోతులూ దాన్ని చూసి అదే నేర్చుకున్నాయి.

అప్పటినుంచే కోతి దొరికినదాన్ని బుగ్గలో దాచుకుని, ఓ మూలకు పోయి ఒంటరిగా తింటుంది. మనుషులు పక్కపక్కనే కూర్చుని, పక్కవాళ్ల ఆకులో ఎంత పడిందో ఓ కంట చూసుకుంటూ, నిదానంగా తింటారు.