నట్టింట్లో తొక్కిన సైకిలు, కొండవతలి గేదె

పైడిరాజు ఇంట్లో ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఈ సంగతి వాళ్ళే చెప్పుకుంటారు, ఊళ్ళో ఇంకెవరూ చెప్పరు కాబట్టి. పొద్దున్నే లేచి, "మన బుర్రలు అందరికీ ఉంటే లోకం ఏనాడో బాగుపడును" అంటాడు పైడిరాజు. భార్య రాములమ్మ, తమ్ముడు గుంపస్వామి అవునవునని తలలూపుతారు. అప్పుడు గానీ గంజి తాగరు.

అలాంటి పైడిరాజుకి ఒకటే దిగులు. పెళ్ళయిన కొత్తలో మావగారు లక్ష్మునాయుడు, "అల్లుడు బాబూ, కాలు కింద ఎట్టకుండా కొండ దాటి మా ఊరికి సైకిలు తొక్కుకుని రా, పాడిగేదెని ఇచ్చేత్తాను" అన్నాడు. వెళ్ళినప్పుడల్లా సగం కొండ దగ్గరే ఆయాసం వచ్చి, పైడిరాజు సైకిలు నడిపించుకుంటూ ఊళ్ళోకి దిగేవాడు. అత్తారి వీధి వీధంతా నవ్వేది. ఇప్పుడు పోలాల అమావాస్యకి రమ్మని కబురొచ్చింది. గేదె మాట దేవుడెరుగు, మళ్ళీ నవ్వులపాలైతే ఇక ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు.

సాధన చేద్దామంటే ముసురు. ఇంకేముంది, సైకిలుని నట్టింట్లో స్టాండేశాడు. చక్రానికి రోడ్డు తగలాలి కదా అని గుంపస్వామి ఇసుక మూట ఒకటి ఆనించాడు. పైడిరాజు ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికే ఒళ్ళంతా చెమట, కాళ్ళు కొయ్యబారిపోయాయి.

"ఏటిరా ఇది! వీధిలో సంత దాకా తొక్కినా నాకేటీ అవదు. ఇంట్లో గుమ్మం దాకా కూడా ఎల్లకముందే పేనం పోతంది!"

వానకి చూరు కింద నిలబడ్డ పక్కింటి డ్రిల్లు మేష్టారు ఈ మాట విన్నారు. "బయటైతే ఎదురుగాలికి చెమట ఆరుతుందోయ్. పల్లం వస్తే కాళ్ళకి విశ్రాంతి. చెట్లు వెనక్కి పోతుంటే మనసుకి హుషారు. ఇంట్లో ఇవేవీ లేవు కదా, అందుకే అంత కష్టం. ఇంట్లో తొక్కినవాడికి బయట తొక్కడం ఓ లెక్కా!" అన్నారు. ఆయన మంచికే చెప్పారు పాపం. ఎవరికి చెబుతున్నారో చూసుకోలేదు.

అంతే. గాలి కావాలని రాములమ్మ చేట తెచ్చి విసిరింది. చేటలో ఊక ఉందని చూడలేదు. ఊకంతా మొగుడి కళ్ళల్లో, నోట్లో పడింది.

"దుమ్మే దుమ్ము!" అన్నాడు పైడిరాజు దగ్గుతూ.

"మరి రోడ్డు మీద దుమ్ముండదేటి? తొక్కవయ్యా" అంది రాములమ్మ.

ఇక చెట్లు. గుంపస్వామి పెరట్లో కాపుకొచ్చిన మునగచెట్టు నరికేసి, భుజాన వేసుకుని అన్న ముందునుంచి వెనక్కి పరుగెత్తాడు. మళ్ళీ ముందుకొచ్చి మళ్ళీ పరుగెత్తాడు. "దారంతా మునగచెట్లేనేట్రా? మధ్యలో ఓ తాడిచెట్టు తే!" అని కసిరాడు అన్న. ఆ కంగారులో కొమ్మ ఉట్టికి తగిలి పెరుగు కుండ కాస్తా పైడిరాజు నెత్తిన పడింది.

"వాన కూడా వచ్చిందిరా! అచ్చం బయిటలాగే ఉంది!" అని అతను పొంగిపోయాడు.

మిగిలింది పల్లం. వెనక స్టాండు కింద రుబ్బురోలు ఎత్తిపెట్టారు. పైడిరాజు ఎక్కి, కాళ్ళకి విశ్రాంతి అన్నారు కదా అని హాయిగా వదిలేశాడు. ఇంకేముంది, సైకిలు రోలు మీంచి జారి సర్రున వెళ్ళి మట్టిగోడకి కొట్టుకుంది. వానకి నానిన గోడ ధబ్బున కూలింది. ఆ కంతలోంచి ఎదురుగా కొండ కనిపించింది.

"అన్నా, ఇంట్లో తొక్కడమే కష్టం, బయిట సులువు అన్నారు కదా మేష్టారు. సులువుగా ఎల్తే గొప్పేటుంది? ఇంట్లోనే అత్తోరింటికి తొక్కేయ్" అన్నాడు గుంపస్వామి.

పైడిరాజు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈ మాట తనకే తట్టనందుకు సిగ్గుపడ్డాడు కూడా.

పండగనాడు కొత్త పంచె కట్టి స్టాండేసిన సైకిలెక్కాడు. వెనక రాములమ్మ బూరెల బుట్టతో కూర్చుంది. గుంపస్వామి పక్కన నిలబడి, "వాగొచ్చింది! కొండొచ్చింది! లాగన్నా, లాగు!" అని అరిచాడు. కొండ దగ్గర పైడిరాజుకి నిజంగానే కళ్ళు తిరిగాయి. అయినా కాలు కింద పెట్టలేదు. మధ్యాహ్నానికి తమ్ముడు, "అత్తోరింటికి వచ్చేసినాం!" అనగానే దిగి, ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

అవతల లక్ష్మునాయుడు చూసి చూసి విసిగిపోయాడు. పాపం అల్లుడు రాలేకపోయాడు, గేదెని మనమే ఇచ్చేద్దామని దాన్ని తోలుకుని, వానలో తడుస్తూ కొండ దాటి వచ్చాడు. గోడ కంతలోంచి లోపలికి తొంగిచూశాడు.

"ఏటి మావగారూ! మేమొచ్చి ఇంతసేపైంది. పండగపూట ఇల్లొదిలేసి ఎక్కడ తిరుగుతన్నారు?" అన్నాడు పైడిరాజు.

లక్ష్మునాయుడు తెల్లబోయాడు. రాములమ్మకి తండ్రి మరి! "ఓరి నాయనో, మా గోడెప్పుడు కూలిందిరా?" అని గుండెలు బాదుకున్నాడు. తేరుకుని, "కాలు కింద ఎట్టనేదు కదా?" అని అడిగాడు.

"ఒట్టు నాన్నా, ఎనకే ఉన్నాను" అంది రాములమ్మ.

"అయితే మాటంటే మాటే" అని పలుపుతాడు అల్లుడి చేతిలో పెట్టాడు. "తోలుకుపో బాబూ. చీకటి పడకముందే మీ ఇల్లు చేరండి."

ఇంకేముంది, ముగ్గురూ ఆయన దగ్గర సెలవు తీసుకున్నారు. మావగారింటి నుంచి తమ ఇల్లు కొండవతల కదా, కొండెక్కారు. సైకిలు గుంపస్వామి నెత్తి మీద ఉంది. గేదెకి దారి చెప్పే పనే లేకపోయింది. అదే ముందు నడిచి, కొండ దిగి, ఓ పాకలో గుంజ దగ్గర నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టింది.

"సూసినావేటి, కొత్త చోటని బెంగే నేదు!" అని మురిసిపోయాడు పైడిరాజు.

తలుపు తీసిన అత్తగారిని చూసి మాత్రం నివ్వెరపోయాడు. "అత్తా! మావగారు అక్కడ పండగపూట పస్తున్నారు. నువ్వు మా ఇంట్లో ఏం సేత్తన్నావు?"

ఆవిడ ఇల్లంతా ఓసారి కలియజూసి నాలుక కరుచుకుంది. "అయ్యో బాబూ, సెప్పకుండా వచ్చేసినాను, ఏటనుకోకు" అని, వేడి వేడి గారెలు మూటగట్టి, గొడుగు పట్టుకుని గబగబా కొండెక్కింది.