గిరిగాడి మొలతాడు

ఓబులేసుకు ఒకటే భయం పట్టుకుంది. కొడుకు ఆపరేషన్ రోజు తాను ఏడుస్తానేమోనని.

కొడుకు గిరికి నాలుగేళ్ళు. కిడ్నీలో గడ్డ, క్యాన్సరు గడ్డ అన్నారు. నెలల తరబడి మందులెక్కించి దాన్ని కొంచెం కుదించారు. వాడి జుట్టంతా దిండుకు అంటుకుని ఊడొచ్చింది. ఇప్పుడు కిడ్నీతో సహా గడ్డ తీసేయాలి. "తీసినాక చూడాలి" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ చూడాల్సింది ఏమిటో ఓబులేసు అడగలేదు.

అడిగితే కదిలిపోయినట్టే అనుకున్నాడు. పెళ్ళికి ముందునుంచే అతను నరసార్యుల శిష్యుడు. నరసార్యులు అచల గురువు, దేనికీ చలించని తత్వం నేర్పేవాడు. ఊరి బయట రేకుల కొట్టంలో, నాలుగు మేకలు పెట్టుకుని, వచ్చినవాళ్ళకు బోధ చెప్తాడు. పుట్టింది లేదు, పోయేది లేదు, ఉన్నదంతా బయలే, ఉత్త శూన్యమే అని. చాలామంది విని, ఇంత మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఓబులేసు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా తంబూరా భుజాన వేసుకుని పోయి, శవం పక్కన కూర్చుని తత్వాలు పాడేవాడు. తన వదిన పసిగుడ్డును పోగొట్టుకుని గోడకు తల బాదుకుంటుంటే, "వచ్చింది ఎవరమ్మా, పోయింది ఎవరమ్మా" అన్నవాడు అతనే. కన్ను చెమర్చకుండా అన్నాడు. ఆ రోజు ఊరంతా అతనికి దండం పెట్టింది. వదిన మాత్రం మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

అలాంటివాడు ఆస్పత్రి వరండాలో వెక్కి వెక్కి ఏడిస్తే ఇంకేం మిగుల్తుంది?

అందుకే గడ్డ సంగతి తెలిసినప్పటినుంచీ కొడుకును ఎత్తుకోవడం మానేశాడు. ముట్టుకుంటే జారిపోతానని అతనికి తెలుసు. సాకు కూడా దొరికింది. పొట్ట మీద ఒత్తిడి పడకూడదని, గడ్డ చిట్లితే ప్రమాదమని డాక్టర్లే చెప్పారు కదా. వాడు "నాయనా, ఎత్తుకో" అని చేతులు చాపితే, "డాక్టరు వద్దన్నాడు నాయనా" అంటూ మంచం కాళ్ళ దగ్గరే నిలబడేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని.

"మీ గురువు నీ మోహమే పీకేసినాడా, చేతులు కూడా పీకేసినాడా?" అంది ఒకరోజు భార్య సుంకమ్మ.

ఆపరేషన్ ముందురోజు గురువుకు ఫోన్ చేశాడు. "సామీ, రేపే. నేను కదలకుండా ఉండేటట్టు దీవించు."

అవతల మేక అరుపు వినిపించింది. "ఏ ఆస్పత్రి? ఎన్నో అంతస్తు?" అని అడిగాడు నరసార్యులు. అంతే.

మర్నాడు పొద్దున్నే గురువు దిగాడు. చంకన గుడ్డసంచి, కాళ్ళనిండా దుమ్ము. ఓబులేసు వరండాలోనే ఎదురుపోయాడు.

"సామీ, ఇంతవరకూ ఒక్క చుక్క రాలేదు."

"తిన్నావా?"

"తినబుద్ధి కాలేదు సామీ."

"నిద్దరపోయినావా?"

"లేదు."

"ఊ" అని ఆయన నేరుగా మంచం దగ్గరికి నడిచాడు.

"ఏరా గిరిగా, నా గుండు నున్నగుందా, నీ గుండు నున్నగుందా?"

గిరి లేచినప్పటినుంచీ నీళ్ళు అడిగి అడిగి అలిసిపోయి ఉన్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా చుక్క కూడా పొయ్యొద్దన్నారు. అయినా చెయ్యి చాపి ముసలాయన తల తడిమి చూశాడు.

"నాదే."

"నాది ఎండకు మాడింది లేరా. లేకుంటేనా!"

సుంకమ్మకు నవ్వొచ్చింది. అది సగంలోనే ఏడుపైంది.

అంతలో నర్సు వచ్చింది. ఒక చేతిలో ఆకుపచ్చ గౌను, ఇంకో చేతిలో కత్తెర. "తాయెత్తులు, తాళ్ళు ఏమీ ఉండకూడదమ్మా. మొలతాడు కూడా తీసెయ్యాలి."

సుంకమ్మ గబుక్కున కొడుకు నడుం మీద చెయ్యి అడ్డం పెట్టింది. పాత తాడు తీసేముందు కొత్తది కడతారు. మగబిడ్డ మొల ఉత్తగా ఉండేది ఒక్కప్పుడే, కాటికి పోయేటప్పుడు. ఆ మాట ఆమె పైకి అనలేదు. "కత్తెర పెట్టొద్దు తల్లీ, నీకు దండం పెడతా" అంది.

"లోపల అందరూ రెడీగా ఉన్నారమ్మా. ఆలస్యం చెయ్యొద్దు."

మంచం కాళ్ళ దగ్గర ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "తియ్యనీ సుంకీ. ఒళ్ళే మనది కానప్పుడు దారం ఎవరిది?"

పక్క మంచం మీది తల్లి తన బిడ్డను దగ్గరికి లాక్కుంది.

నరసార్యులు శిష్యుడివైపు చూడను కూడా లేదు. "కత్తెర జేబులో పెట్టుకోమ్మా. ముడి విప్పుదాం" అని నర్సుతో చెప్పి, మంచం అంచున కూర్చుని వంగాడు.

పొట్ట పెరిగినా తాడును ఎవరూ వదులు చెయ్యలేదు. అది చర్మంలోకి దిగి ఎర్రగా గీత పడింది. చెమటకూ నూనెకూ ముడి గింజలాగా గట్టిపడింది. ఆయన కాసేపు గోళ్ళతో కెలికాడు.

"నాకు చూపు ఆనడంల్యా. ఓబులేసూ, నువ్వు రా."

"సామీ... పొట్ట మీద చెయ్యి వెయ్యొద్దన్నారు."

"నిన్ను పొట్ట ముట్టుకోమన్నారా ఎవరన్నా? ముడి విప్పమంటి."

ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదట వేళ్ళ కొనలతో తాడును మాత్రమే పట్టుకుని, చర్మం తగలకుండా లాగి చూశాడు. రాలేదు. రెండో చెయ్యి వాడి నడుం కిందికి పోనివ్వాల్సి వచ్చింది. వెచ్చగా ఉంది. జ్వరం వేడి కాదు, పిల్లల ఒంటి వేడి. దాన్ని మరిచిపోయి ఎన్నాళ్ళయిందో.

"నాయనా, చక్కిలిగిలి" అన్నాడు గిరి.

"కదలొద్దురా."

"నేను కదల్లేదు. నువ్వే కదుల్తాండావు."

నిజమే. గోళ్ళతో ముడి రాకపోయేసరికి పళ్ళతో పట్టాడు. వాడి మీద బరువు పడకుండా మోచేతులు మంచానికి ఆనించి, ముఖం పక్కటెముకల కిందికి తెచ్చాడు. గడ్డ ఉన్న వైపే. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్ట వచ్చి చెంపకు తగిలి వెనక్కి పోతోంది. మళ్ళీ వచ్చి తగులుతోంది. తాడు ఉప్పగా ఉంది.

గిరి చెయ్యి ఒకటి వచ్చి తండ్రి జుట్టులో దూరింది. "నీకు ఊడిపోలేదే" అన్నాడు, కొంచెం ఉక్రోషంగా.

ముడి వదులైంది. నరసార్యులు తాడు కొస పట్టుకుని మెల్లగా లాగాడు. అది నడుం చుట్టూ తిరిగి బయటికొచ్చేసింది.

ఓబులేసు లేవలేదు. ముఖం అక్కడే ఉంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. చావు ఇళ్ళలో అన్ని తత్వాలు పాడిన గొంతులోంచి, ఎప్పుడూ ఎవరూ వినని శబ్దం వస్తోంది.

"తడి చేస్తన్నావు నాయనా" అన్నాడు గిరి.

సుంకమ్మ ఓదార్చలేదు. వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

చక్రాల మంచం తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"అయ్యిందా పెద్దాయనా?" అడిగింది నర్సు.

నరసార్యులు మొలతాడును పిడికిట్లోకి ముడుచుకున్నాడు.

"ఇంకా కాలేదమ్మా."

నర్సు ఆ పిడికిలి చూసింది. చూసి, చక్రాల మంచం తెచ్చిన మనిషిని అక్కడే ఆగమని చేత్తో సైగ చేసింది.