చెంగమ్మ బండిల్లు

వెలిగొండల కింద, వాగు ఒడ్డున, చెంగమ్మ అనే కుందేలు ఉండేది. ఉండేది అంటే ఏడాదికి ఎనిమిది నెలలే ఉండేది. మిగతా నాలుగు నెలలూ ఆ ఇంట్లో వాగు ఉండేది. తుఫాను పట్టినప్పుడల్లా వాగు పొంగడం, బొరియ మునగడం, చెంగమ్మ చెవులు పిండుకుంటూ ఏ బండ కిందో వణుకుతూ కూర్చోవడం మామూలైపోయింది. ఇప్పటికి పదకొండు బొరియలు తవ్వింది. పదకొండూ వాగు పాలయ్యాయి. పోయినేడు తడిసి జ్వరం తగిలి, చావు తప్పి బయటపడింది. ఈసారి కూడా తడిస్తే బతకనని ఆమెకు బాగా తెలుసు.

అలాంటిది ఒక పొద్దున, వాగు ఒడ్డుకు కొట్టుకొచ్చిన పలకల కుప్ప మీద కూర్చుని గడ్డి నములుతుంటే, ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచన ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా పరుగెత్తుకెళ్లి మద్దిచెట్టు కింద నిలబడి కేక పెట్టింది.

"ఆచారి మామా! ఓ ఆచారి మామా! నేను ఇంటికి చక్రాలు పెట్టిస్తా!"

చెట్టు మీద వడ్రంగి పిట్ట ముక్కాచారి పని ఆపి కిందకి చూశాడు. ఆ అడవిలో ఎవరికి తొర్ర కావాలన్నా ఆయన ముక్కే దిక్కు. నెత్తి మీద ఎర్ర జుట్టు, నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల, నోరు తెరిస్తే పుల్లవిరుపు మాట.

"ఏ ఇంటికి? వాగులో ఉండేదానికా?"

"ఇంకా లేని ఇంటికి మామా! చెక్కతో చిన్న ఇల్లు. కింద రెండు చక్రాలు, ముందు లాగడానికి కాడి. వాగు పొంగితే ఎర్రగుట్ట మీదకి లాక్కుపోతా. ఎండలు ముదిరితే ఈతవనంలోకి. గడ్డి యాడుంటే ఇల్లు ఆడ! ఒక కిటికీ కూడా పెడదాం మామా, పడుకుని వెన్నెల చూడొచ్చు."

"రంధ్రం వేయడం తెలుసా?"

"తెలీదు."

"అంచు చదును చేయడం?"

"తెలీదు."

"మరి ఏం తెలుసు నీకు?"

"కొరకడం."

ముక్కాచారి పుల్లను ఈ చెంప నుంచి ఆ చెంపకి మార్చాడు. "సరే. ఉలి ఉందన్నమాట. రేపు పొద్దున్నే రా. ఆలస్యంగా వస్తే నేర్పను, తొందరపడితే అసలే నేర్పను. ముందు ఆ పలకల్ని నీడకి చేర్చు. ఎండలో ఉంటే వంకర పోతాయి."

చెంగమ్మ సంతోషం పట్టలేక అక్కడికక్కడే మూడు గెంతులు గెంతింది. మూడో గెంతు పొద వెనక నక్క పోలయ్య తోక మీద పడింది. పోలయ్య అప్పటికే అన్నీ విన్నాడు. వినని రోజు ఆయనకు తిన్నది అరగదు.

"నీడ కోసం వెతుకుతున్నావా చెల్లెమ్మా? ఇంత పెద్ద గుహ పెట్టుకుని నేనెందుకున్నా? దర్జాగా లోపల కట్టుకో."

"ఊరికేనా అన్నా?"

"ఊరికే! కాకపోతే వానల్లో నా గుహ నాకు కావాలి గదా. తొలి చినుకు పడేలోగా నీ సామాను బయటపెట్టుకో. ఆ తర్వాత లోపల ఏముంటే అది నాది. పెంచలయ్య పెద్దాయన ముందు ఒక మాట అనుకుంటే సరిపోతుంది."

పెంచలయ్య ముళ్లపంది. ఆ గుట్టలకు పెద్దమనిషి. ఆయన ముందు అన్న మాటను తప్పినవాడికి మూడు రోజులు ఒంట్లో ముళ్లు పీక్కోవడంతోనే సరిపోయేది. అందుకని మాట తప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. చెంగమ్మ వెనకాముందూ చూడలేదు, ఆయన ముందు నిలబడి "సరే సరే సరే" అని మూడుసార్లు అనేసింది. తుఫానుకి ఇంకా ఇరవై రోజులుంది, ఇల్లు పదిహేను రోజుల్లో పూర్తవుతుంది, ఇంకేం కావాలి?

పలకలు ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ గుహలోకి చేర్చింది. మర్నాటి నుంచి పని మొదలైంది.

ఏం పని అది! ముక్కాచారి ముక్కుతో టకటకమని రంధ్రం పెడుతుంటే చెంగమ్మ పళ్లతో అంచులు కొరికి నున్నగా చేసేది. చెక్కపొట్టు మీసాలకు అంటుకుని రోజంతా తుమ్ములు. మొదటి రోజు కొరికిన అంచు పాము పాకినట్టు ఉంది. ఐదో రోజుకి తిన్నగా వచ్చింది. ఆ అంచును చెంగమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం వెళ్లబోతూ ఇంకోసారి తడిమి చూసుకుంది. తన పళ్లు గడ్డి నమలడానికే కాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆరో రోజు తొందర ఆగలేదు. ఆచారి రాకముందే రెండు పలకల్ని తుమ్మజిగురుతో అతికించి పెట్టింది.

ముక్కాచారి వచ్చాడు, చూశాడు. "ఊడబెరుకు."

"మామా! గట్టిగా ఉంది గదా!"

"ఊడబెరుకు. వానకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి తగ్గుతుంది. జిగురు దాన్ని కదలనివ్వదు, పగలగొడుతుంది. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు వెదురు చీలలే వేస్తారు. రంధ్రంలో చీల దిగితే పట్టు వదలదు. కావాలంటే ఎదురు వైపు నుంచి ఒక్క పోటు పొడిస్తే చాలు, మర్యాదగా బయటికొస్తుంది."

చెంగమ్మ ముఖం మాడ్చుకుని వెదురు చీలలు కొరకడం మొదలుపెట్టింది. అరవై నాలుగు చీలలు. అది చాలదన్నట్టు ఇంకో చాదస్తం. అతికే రెండు ముక్కలకీ ఒకే గుర్తు పెట్టాలట! ఒక జతకి ఒక గాటు, ఇంకో జతకి రెండు గాట్లు, అలా.

"ఏది యాడికొస్తుందో నాకు గుర్తుంటుంది గదా మామా."

"నీకుంటుంది. నీ తొందరకి ఉండదు. గాటు పెట్టు."

పదహారో రోజు ఇల్లు పూర్తయింది. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో! గుండ్రటి దుంగ ముక్కలతో రెండు చక్రాలు, వాటి మీద బుజ్జి గది, రెల్లుగడ్డి పరుపు, చెవులు బయటపెట్టుకునేంత కిటికీ. ముక్కాచారి కప్పు మీద వాలి అటూ ఇటూ నడిచి, "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ అన్నాడంటే మాటలు కాదు. "నా పని అయిపోయింది. ఇక నీది" అని చెట్టుకి వెళ్లిపోయాడు.

చెంగమ్మ కాడి మెడకి తగిలించుకుంది. గుండె డప్పులా మోగుతోంది. ఒక్క లాగు లాగింది. చక్రాలు తిరిగాయి! ఇల్లు నడిచింది! తన చేత్తో కట్టిన ఇల్లు తన వెనకే వస్తోంది! కేక పెడుతూ గుహ నోటి దాకా లాక్కొచ్చింది.

ఠక్.

మళ్లీ లాగింది. మళ్లీ ఠక్. చెంగమ్మ వెనక్కి తిరిగి చూసింది. గుహ నోరు తన చెవితో కొలిస్తే నాలుగు చెవుల వెడల్పు. ఇల్లు ఆరు చెవులు. పలక పలకకూ కొలతలు తీసింది, కిటికీ కొలిచింది, పరుపు కొలిచింది. బయటికి తీసుకెళ్లాల్సిన దారిని మాత్రం కొలవలేదు.

గుహ ముందు పోలయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఆ నోట్లోంచి రోజూ దూరేది నేనే గదా చెల్లెమ్మా! దాని కొలత నా పొట్టకి తెలుసు. కష్టపడి కట్టిపెట్టావు, రుణం ఉంచుకోనులే. ఎప్పుడైనా వచ్చి చూసి పో."

"అన్నా, ఇది అన్యాయం!"

"మాట అనుకున్నాం. పెద్దాయనా, అనుకున్నామా లేదా?"

బండిని చూద్దామని వచ్చిన పెంచలయ్య బాధగా తలూపాడు. "అనుకున్నారు."

పోలయ్యకి ఉత్సాహం ఎక్కువైంది. "ఈ బండి గనక ఇందులోంచి బయటికొస్తే, కాడి నా మెడ మీద వేసుకుని ఎర్రగుట్ట ఎక్కిస్తా. నీ ముందే అంటున్నా పెద్దాయనా!" అని, బండిని వెనక్కి నెట్టి, తల వంచి పొట్ట బిగబట్టి ఆ బుజ్జి గదిలోకి దూరి, రెల్లు పరుపు మీద పడుకున్నాడు. పగటి నిద్ర ఆయనకు అలవాటు. కాసేపట్లో గురక మొదలైంది.

అనుకున్నదానికంటే ముందే తూర్పున మబ్బు నల్లగా లేస్తోంది. చెంగమ్మ గుహ నేల మీద చతికిలబడింది. పన్నెండో ఇల్లు కూడా పోయింది. ఈసారి వాగు కూడా అక్కర్లేకపోయింది, తన తొందరే చాలింది. ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి బండి గోడకి ఆనుకుంటే చెంపకి ఏదో గరుకుగా తగిలింది.

మూడు గాట్లు. పక్క పలకకీ మూడు గాట్లు. మధ్యలో వెదురు చీల.

చెంగమ్మ చెవులు రెండూ నిటారుగా లేచాయి. ఈ పలకలు లోపలికి ఎలా వచ్చాయి? ఒక్కొక్కటే వచ్చాయి!

ఒక్క దూకులో గుహ బయట, ఇంకో దూకులో చెట్టు కింద. "మామా! చీలలు! చీలలు పొడవాలి!"

ముక్కాచారి అప్పటికే రెక్కలు విదుల్చుకుంటున్నాడు. "వచ్చావా? గుహ నోరు ఎప్పుడు కొలుస్తావా అని పదహారు రోజుల నుంచి చూస్తున్నా. పద పద."

టక్, ఒక చీల. టక్, ఇంకో చీల. చీల ఊడగానే చెంగమ్మ పళ్లతో పలక పట్టుకుని బయటికి పరుగు. కప్పు వెళ్లింది. నాలుగు గోడలూ వెళ్లాయి. చక్రాలు దొర్లుకుంటూ వెళ్లాయి. ఇదంతా జరుగుతున్నా పోలయ్య గురక తగ్గలేదు, కలలో కూడా ఆయన తన కొత్తింట్లోనే ఉన్నాడు. ఆఖరికి ఒక్క పలక మిగిలింది. పరుపుతో సహా దాని మీద పోలయ్య ఉన్నాడు.

ఫెళ్లుమని ఉరిమింది. పోలయ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. చుట్టూ చూస్తే గోడల్లేవు, పైకి చూస్తే కప్పు లేదు.

"పోలయ్యన్నా, కాస్త లేస్తావా? నీ కింద పలక నాది."

"ఏందీ... యాడికి పోయింది నా ఇల్లు?" అని పోలయ్య కంగారుగా లేవడమూ, చెంగమ్మ పలక లాక్కుని దూకడమూ ఒక్కసారే జరిగాయి. పరుపు మాత్రం పోలయ్య కాళ్లకు చుట్టుకుంది. పలక కొస గుహ దాటింది. అప్పుడు పడింది చినుకు, సూటిగా పెంచలయ్య ముక్కు మీద.

పెంచలయ్య ముక్కు తుడుచుకుని గుహలోకి తొంగిచూశాడు. "తొలి చినుకు పడేసరికి లోపల ఏముంటే అది పోలయ్యది. లోపల గుప్పెడు రెల్లుగడ్డి ఉంది, పోలయ్య ఉన్నాడు. రెండూ పోలయ్యవే. ఇక గుట్ట సంగతి ఏందయ్యా?" అని వీపు మీద ముళ్లు ఒక్కసారి ఝాడించాడు.

వాన అందుకునేలోగా ఇల్లు మళ్లీ లేచింది. ఒక గాటుకి ఒక గాటు, రెండుకి రెండు. ఏది ఎక్కడని ఒక్కసారి కూడా వెతుక్కోవాల్సిన పని రాలేదు. చెంగమ్మ లోపల కూర్చుంది, ముక్కాచారి కిటికీ మీద, పెంచలయ్య వెనక తోపుకి. ముందు కాడి కింద పోలయ్య. కింద వాగు గర్జిస్తూ పన్నెండో బొరియ కోసం ఒడ్డంతా వెతుక్కుంటోంది. చెంగమ్మ ఒంటి మీద ఒక్క చుక్క పడలేదు. ఆనందంతో ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సగం గుట్ట ఎక్కాక పోలయ్య ఆగాడు. తడిసి సగమైపోయాడు. "చెల్లెమ్మా, వాన తగ్గేదాకా కాసేపు లోపలికి రానిస్తావా?"

"రా అన్నా, దానికేం! పెద్దాయన ముందు ఒక మాట మాత్రం అనుకుందాం. వాన వెలిసేసరికి నా ఇంట్లో ఏముంటే అది నాది."

పోలయ్య తన తోక వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత కాడి సర్దుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

నీతి: ఒకరు చేత్తో కట్టుకున్నదాన్ని కాజేద్దామనుకునేవాడు, కట్టినవాళ్లకి విప్పడం కూడా వచ్చని మరిచిపోకూడదు.